కత్తెర తగిలిన కుంచెలు

మేక వెంట్రుకల కుచ్చు పిడిలోకి జారి, అడుగున తగిలి టక్కుమంది.

షుంజి మిగిలిన ఒక్క ఖాళీ పిడిని తలకిందులు చేసి పాత కుచ్చుని అరచేతిలోకి దులుపుకున్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ టక్. పొద్దున్నించీ ఇది ఎన్నోసారో లెక్కలేదు.

"వింటున్నావా? ఇదీ మీ తమ్ముడి పనితనం! అరిత అంటే నాలుగొందల ఏళ్ళ నించీ పింగాణీ కాలుస్తున్న ఊరని కబుర్లు. గడ్డం బ్రష్షు పిడికి గూడు సరిగ్గా పెట్టడం చేతకాలేదు!"

చిగుస, మొగుడు ముట్టని మిసో చారు గిన్నె తీసి పళ్ళెంలో పెట్టింది.

"నీతోనే మాట్లాడుతున్నాను."

"వినపడుతోంది. వీధి చివరి ఇంటికి కూడా వినపడుతోంది."

"వినపడనీ! శనివారం టోక్యోలో ఎగ్జిబిషన్. అంత పెద్ద షాపులో, అద్దాల బీరువా మధ్య అరలో మన బ్రష్షులు. ఇరవై నాలుగు. ఇవాళ రెండింటికి వ్యాను వస్తోంది. మా నాన్న ఈ వయసులో రెండు రోజులు తలుపేసుకుని లావు కుచ్చులు కట్టబట్టి సరిపోయింది. లేకపోతే మీ అరిత వాళ్ళ ఖాళీ పిడులు పంపించి, ఇందులో పువ్వులు పెట్టుకోండని చెప్పాల్సి వచ్చేది."

ఉప్పు ముల్లంగి తరుగుతున్న ఉమేనో కత్తి ఆపకుండానే కొడుకుని ఓదార్చింది.

"దాన్నేం అంటావులేరా. వాళ్ళకి పువ్వులు వెయ్యడం వచ్చు, కొంగలు వెయ్యడం వచ్చు. కొలతలు వెయ్యడం కూడా రావాలంటే ఎక్కణ్ణించి వస్తుంది?"

చిగుస పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంపు తిప్పి, చెయ్యి నీళ్ళ కింద పెట్టి నిలబడింది.

అత్తగారి దెప్పులు ఆమెకి కొత్త కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ నించీ అవి కూరలో ఉప్పులా ఉంటూనే ఉన్నాయి. లోపల కాలుస్తున్నది వేరే. ఆ కొలత రాసి పంపింది తనే.

పచ్చి పింగాణీ బట్టీలో కాలితే కుంచించుకుపోతుంది. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల గూడు కావాలంటే పచ్చిమట్టిలో ఇరవై ఎనిమిది పెట్టాలి. బట్టీ ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకి ఇది ఒకరు నేర్పాల్సిన పని లేదు, ఉగ్గుపాలతోనే వస్తుంది. అందుకని చేతికి వచ్చినట్టు ఇరవై ఎనిమిది అని రాసేసింది. అక్కడ తమ్ముడు హిసాతో ఏమనుకున్నాడు? కుంచెలు కట్టే ఊరి నించి వచ్చిన కొలత, వాళ్ళకి బట్టీ సంగతి ఏం తెలుసు, కాలాక కావలసిందే రాసి ఉంటారు అనుకున్నాడు. తన వంతు తనూ పెంచాడు. అక్కా తమ్ముడూ ఒకరికొకరు సాయం చెయ్యబోయి ఇద్దరూ కలిసి కొంప ముంచారు.

మొన్న షుంజి ఫోన్లో అరుస్తుంటే అవతల హిసాతో ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో వాడికి అంతా అర్థమైపోయిందని చిగుసకి తెలుసు. "తప్పు నాదే బావగారూ," అన్నాడు. అక్కని కాపాడాననుకున్నాడు వెర్రివెధవ. అప్పుడే నోరు తెరిచి చెప్పేయాల్సింది. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికి అది మరీ ఆలస్యం అనిపించింది. మూడు రోజులుగా మొగుడు తిట్టే ప్రతి తిట్టూ తమ్ముడి పేరుతో వచ్చి తనకి తగులుతోంది.

దానికి తోడు ఆ మూసిన తలుపు. పిడుల పెట్టె విప్పిన సాయంత్రం మామగారు తొకుజో ఒక పిడిని చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు. "కుచ్చులు నేనే లావుగా కడతాను. పనిగదిలోకి ఎవరూ రావద్దు," అన్నాడు. ఎవరూ అంటే ఇంకెవరు? ఆ గదిలో కిటికీ పక్కన బల్ల చిగుసది. జిడ్డు పోయేలా ఊక బూడిదతో వెంట్రుకలు మర్దించి మర్దించి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయింది ఆ బల్ల దగ్గరే. ఈ ఇంటికి వచ్చాక ఆ తలుపు ఆమె మొహాన మూసుకోవడం ఇదే మొదటిసారి.

బయట గుమ్మంలో ఎవరో పిలిచారు.

"ఎవరండీ లోపల? అరిత నించి హిసాతోని."

చిగుస పంపు కట్టేసింది.

* * *

హిసాతో మొదటి రైలెక్కి వచ్చినట్టున్నాడు. కోటు ముడతలు పడి ఉంది. గుమ్మంలో బూట్లు విప్పి, ఇంకా ఇంట్లోకి అడుగు పెట్టకుండానే మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు.

"బావగారూ, అత్తయ్యగారూ, క్షమించండి. నా వల్ల పెద్ద ఇబ్బంది వచ్చింది."

"ఇంత దూరం తల వంచడానికొచ్చావా?" షుంజి లేవలేదు. "నువ్వు తల వంచితే ఆ గూడు పూడుతుందా?"

"పూడదు."

"మరెందుకొచ్చావు?"

"ఎదురుగా తిట్టించుకోవాలి కదా. ఫోన్లో తిట్లు చవకగా ఉంటాయి."

ఉమేనో వాడు తెచ్చిన డబ్బా మూత తీసి చూసింది. గుండ్రటి బిస్కెట్లు.

"వీటి కొలత మాత్రం కుదిరింది పాపం," అంది.

హిసాతో మళ్ళీ తల వంచాడు. నుదురు నేలకి తగిలిన చప్పుడు వినపడింది. చిగుసకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"లేవరా."

"అక్కా, నువ్వూరుకో."

"లే అంటున్నాను. ఇంకోసారి నీ తల నేలకి తగిలిందంటే నీ చెంప పగలగొడతాను." ఆమె మొగుడి వైపు తిరిగింది. "వాడి తప్పు లేదు. కొలత తప్పు రాసింది నేను."

షుంజి చేతిలో పిడి ఆగిపోయింది.

"ఏమిటీ?"

"పచ్చిమట్టి కొలత రాశాను. బట్టీలో తగ్గేదానికి నేనే పెంచి రాశాను. వాడు కాలాక కావలసిన కొలత అనుకుని మళ్ళీ పెంచాడు. వాడికి మొన్నే అర్థమైంది. నన్ను అనకూడదని తన మీద వేసుకున్నాడు."

"మొన్న..." షుంజి మెల్లిగా లేచాడు. "అంటే నీకూ మొన్నే తెలుసు."

"తెలుసు."

"మూడు రోజులు నన్ను వాడి మీద అరవనిచ్చావు. వాణ్ణి దొంగన్నాను. ఇంకేమేం అన్నానో నాకే గుర్తు లేదు. నువ్వు పక్క గదిలో కూర్చుని బట్టలు మడత పెట్టుకున్నావు!"

"అవును."

"అవునా? అవునని ఎలా అంటున్నావు?"

"భయమేసింది. కోపంగా కూడా ఉంది. మీరు వాణ్ణి తిడుతుంటే మీ మీద కోపం, నోరు తెరవలేకపోతున్నందుకు నా మీద నాకు కోపం. ఇప్పుడు చెప్పాను కదా. తిట్టండి. నన్ను తిట్టండి."

షుంజికి బావమరిదిని తిట్టినంత సులువుగా పెళ్ళాన్ని తిట్టడం కుదరలేదు కాబోలు. ఆ లోటు ఉమేనో తీర్చింది.

"ఇరవై ఒక్క ఏళ్ళు ఈ ఇంటి అన్నం తింది. ఇంకా మట్టి లెక్కలే వేస్తోంది. నేనప్పుడే అన్నాను, బట్టీ ఇంటి పిల్ల కుంచెల ఇంటికి పనికిరాదని. ఎవరు విన్నారు?"

ఈ మాట చిగుసకి నిజంగానే తగిలింది. అందులో అబద్ధం లేదు మరి. చెయ్యి అదే లెక్క వేసింది.

"అవునత్తయ్యా," అంది గట్టిగా. "నా చేతికి అదే వచ్చింది."

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. షుంజి తల విదిలించుకుని పనిగది వైపు నడిచాడు.

"ఇప్పుడివన్నీ ఎందుకు? నాన్న గట్టెక్కించాడు. అది చాలు."

* * *

కొయ్య పళ్ళెంలో ఇరవై నాలుగు బ్రష్షులు వరసగా నిలబెట్టి తెచ్చాడు.

హిసాతో ముందుకి వంగి చూశాడు. వాడు పంపింది బోడి పిడులు. వాటి మీద నీలిరంగు తీగలూ, తీగల మధ్య ఎగిరే పిచ్చుకలూ. ఇప్పుడు ప్రతి పిడి మీదా తెల్లటి గుండ్రటి జుత్తు, అప్పుడే విచ్చుకున్న పువ్వంత ఒద్దికగా. పిడి అడుగున నీలంలోనే చిన్న అక్షరాలు: ఈ ఊరి పేరు కుమానో, పక్కన తొకుజో.

"ఎంత బావున్నాయి," అన్నాడు నోరు వెళ్ళబెట్టి.

"మా నాన్న చెయ్యి!" అన్నాడు షుంజి. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. కలప డబ్బాలు ముందు పెట్టుకుని, ఒక్కొక్క బ్రష్షునీ పత్తిగుడ్డలో చుట్టి లోపల పెట్టడం మొదలుపెట్టాడు.

చిగుస పళ్ళెం దగ్గరికి రాలేదు. దూరం నించే చూస్తోంది. బావున్నాయి. మరీ బావున్నాయి. మంచి చెయ్యి రోజుకి నాలుగు కుచ్చులు కడితే గొప్ప, అయిదు కడితే పండగ. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి రెండు రోజుల్లో ఇరవై నాలుగు ఎలా కట్టాడు? పైగా గూడు పెద్దదయితే మూడో వంతు జుత్తు ఎక్కువ పడుతుంది. ఆ జుత్తు ఎక్కడిది? సొరుగులో మిగిలింది పొడుగూ పొట్టీ కలిసిన రకం. అది మూసలో ఒక పట్టాన కూర్చోదు.

దగ్గరికి వచ్చి, చెయ్యి చాచి ఒక బ్రష్షు తీసుకుంది. పై పెదవి మీద మెల్లగా రాసుకుంది.

గుచ్చుకుంది.

ఇంకోటి తీసింది. అదీ గుచ్చుకుంది. మూడోది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి ఎదురు పెట్టి చూసింది. మేక వెంట్రుక కొనలో ఒక నలుసంత మేర గాజులా ఉంటుంది, వెలుతురు అందులోంచి కనపడుతుంది. ఇక్కడ ఆ గాజు లేదు. మొండిగా, తెల్లగా, కోసిన గడ్డిలా ఉంది.

ఆమె ఈ ఇంట్లో బల్ల ముందు కూర్చున్న మొదటి రోజు మామగారు చెప్పింది ఒకే ఒక్క మాట. కత్తెర దారానికి, వెంట్రుకకి కాదు. కొయ్య మూసలో కొనలు కిందకి వేసి, తట్టి తట్టి గుండ్రం తెస్తారు. ఎక్కువ తక్కువలుంటే వెంట్రుక మొదలు వైపు కోస్తారు. వంకరదీ, కొన పోయినదీ ఉంటే మొద్దు కత్తితో ఒక్కొక్కటీ ఏరి పారేస్తారు. కొనకి కత్తెర పెట్టినవాణ్ణి కుమానోలో కుంచె కట్టేవాడని అనరు.

"షుంజి గారూ, ఆ డబ్బా మూత పెట్టకండి."

"ఏం?"

"కొనలు కోశారు."

"ఎవరు?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఎవరు కోశారు? మీరా?"

షుంజి మొహం ఎర్రబడింది. "నాకేం పట్టింది? నాన్న కడుతున్నంతసేపూ నేను పనిగదిలోకే వెళ్ళలేదు!"

"రాత్రి కుచ్చులకి జిగురు వేసి పిడుల్లో పెట్టింది మీరే కదా. పట్టుకున్నప్పుడు తెలియలేదా?"

అతను ఇంకో బ్రష్షు తీసి గుడ్డలో చుట్టాడు. ఆ చుట్టే తొందరలోనే చిగుసకి సంగతి అర్థమైపోయింది.

"తెలిసింది. తెలిసే ఊరుకున్నారు."

"తెలిస్తే ఏం చెయ్యమంటావు? ఇవాళ రెండింటికి వ్యాను! టోక్యోలో ఎవడికి తెలుస్తుందే కొన ఏదో మొదలు ఏదో? అద్దంలో పెట్టి చూస్తారు. పిచ్చుకలు బావున్నాయంటారు. కొనుక్కెళ్ళి స్నానాల గదిలో అలంకారానికి పెట్టుకుంటారు."

"ఒక్కడైనా సబ్బు రాసుకుంటాడు కదా. వాడి బుగ్గకి తెలుస్తుంది."

"ఆ ఒక్కడి బుగ్గ కోసం ఇరవై నాలుగూ ఆపాలా?"

"నేనే కోశాను," అంది ఉమేనో.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. ముల్లంగి కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"మీరా? మీరు పని బల్ల ముందు కూర్చుని పదేళ్ళయింది," అంది చిగుస.

"అయితే ఏం? కత్తెర పట్టడం మర్చిపోతానా? ఆయన పడుకున్నాక నేనే కోశాను. నన్నను. ఇంకెవరినీ అనకు. అన్నావంటే ఊరుకోను."

చిగుస ఆవిడ మొహం చూసింది. ఈ అబద్ధం ఎవరి కోసమో ఒకేసారి తెలిసిపోయింది. తెలిసిపోయినా నమ్మడానికి మనసొప్పలేదు. కంచే చేను మేస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

పనిగది తలుపు జరిగింది.

"దాన్ని అబద్ధాలు ఆడనివ్వకండి," అన్నాడు తొకుజో. "దానికి చేతకాదు. కోసింది నేను. ఊడ్చింది అది."

* * *

ముసలాయన గోడ పట్టుకుని వచ్చి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. చొక్కా చేతుల మీద తెల్లటి వెంట్రుక ముక్కలు అంటుకుని ఉన్నాయి. అవి ఆయనకి కనపడటం లేదు.

షుంజి మాత్రం డబ్బాల మూతలు పెడుతూనే ఉన్నాడు.

"నన్ను పిలిస్తే వచ్చేదాన్ని కదా మామయ్యగారూ," అంది చిగుస. ఏడుపొస్తుందనుకుంది. కోపమే వచ్చింది. "రాత్రంతా కూర్చునేదాన్ని. ఇరవై నాలుగు కాకపోతే పది కట్టేవాళ్ళం. పది మంచివి పంపేవాళ్ళం. తలుపెందుకేశారు?"

"నువ్వు రాకూడదనే వేశాను."

"ఎందుకు?"

తొకుజో పళ్ళెం తడిమి, మిగిలిన ఒక్క బ్రష్షునీ అందుకుని, అడుగు పైకి తిప్పాడు. వేలితో ఆ అక్షరాలని రాశాడు. పైన మెరుగు పూత నున్నగా ఉంది. వేలికి ఏమీ తగలదు.

"ఈ పేరు చూశావా? మీ తమ్ముడు మెరుగు కింద రాశాడు. గీకినా పోదు. నేను పోయినా పోదు. ఆ రోజు పెట్టె విప్పి షుంజి ఇది చదివి వినిపించినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. దీని మీద పేరు నాది. లోపల నాది ఒక్క వెంట్రుక ఉండబోదు."

"అదేమిటి నాన్నా..." అన్నాడు షుంజి.

"నువ్వు నోర్ముయ్. నాలుగేళ్ళ నించీ నేను కట్టిన ప్రతి కుచ్చూ నీ పెళ్ళాం విప్పుతోంది. నాకు కనపడని వంకర వెంట్రుకలు ఏరి, మళ్ళీ కడుతోంది. కట్టి, నా పళ్ళెంలో నేను పెట్టిన చోటే పెడుతోంది." ఆయన కోడలి వైపు తిరిగాడు. "నాకు తెలియదనుకున్నావా? కళ్ళు పోయాయి. వేళ్ళు ఉన్నాయి. నా ముడి నాకు తెలియదా?"

చిగుస నాలుగేళ్ళు దాచాననుకుంది. ఎంత జాగ్రత్తగా దాచింది! ఆయన మనసు నొచ్చుకోకూడదని సాయంత్రాలు ఆయన స్నానానికి లేచేదాకా కాచుకుని కూర్చుంది.

"తెలిస్తే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పేదాన్నా? మీకు కళ్ళు కనపడటం లేదని, మీకు?"

"ఆఁ. నాకే. నాకు దయ అక్కర్లేదు. ఊళ్ళో పెద్ద పనివాడన్న పేరిచ్చారు. ఆ పేరు మోస్తూ నాలుగేళ్ళు నీ పని నాదని అమ్ముకున్నాను. ఈ ఒక్కసారి నాది నేనే కట్టాలనుకున్నాను." ఆయన పిడికిలి బిగించాడు. "వెంట్రుక నా మాట వినలేదు. మొదటి రోజు ఎనిమిది పాడుచేశాను. తొమ్మిదోదానికి కత్తెర తీశాను. మొదటిసారి కోసినప్పుడు చెయ్యి వణికింది. నాలుగోసారికి వణకలేదు. దానికి నా మీద నాకే అసహ్యం."

ఉమేనో మొహం పక్కకి తిప్పుకుంది.

చిగుసకి జాలేసింది. జాలి వెనకాలే మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి ఇంకా పెద్దది.

"నా పని మీ పేరుతో వెళ్తుంటే నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు. అది నాకు అవమానం అనిపించలేదు. మీ దగ్గర నేర్చుకున్నదే కదా అనుకున్నాను. కానీ ఇవి మీ పనీ కాదు, నా పనీ కాదు. ఎవరి పనీ కాదు. శనివారం ఎవరో కొంటారు. కుమానో కుంచె అంటే ఇంతేనా అంటారు. అరిత పిడి అంటే ఇంతేనా అంటారు. నేను పుట్టిన ఇల్లూ, మెట్టిన ఇల్లూ రెండూ ఒక్క బ్రష్షులో తల దించుకుంటాయి. నేనొప్పుకోను."

"ఊరికే మాటలెందుకు?" అన్నాడు తొకుజో. "నీళ్ళు తే."

"ఏం నీళ్ళు?"

"వేడినీళ్ళు. సబ్బు. నా మొహానికే రాయి. నేనే చెబుతాను."

"మీకేం పిచ్చా?" అంది ఉమేనో.

కానీ చిగుస అప్పటికే లేచింది. గిన్నెలో వేడినీళ్ళు పోసి, సబ్బు రుద్ది, ఆ బ్రష్షుతోనే నురగ తీసింది. మామగారి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ముసలాయన గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఎడమ బుగ్గ మీద గుండ్రంగా రాసింది. తర్వాత కుడి బుగ్గ, ఆ తర్వాత పై పెదవి. ఆయన మొహంలో కండ ఒకటి చిన్నగా అదిరింది.

"చెప్పండి," అంది.

"గుచ్చుకుంటోంది."

"గట్టిగా చెప్పండి. మీ అబ్బాయికి వినపడాలి."

"గుచ్చుకుంటోంది!" అని అరిచాడు తొకుజో. "పీచుతో తోమినట్టుంది. చాలా?"

బయట వ్యాను హారన్ మోగింది.

షుంజి లేచాడు. డబ్బాలన్నీ ఒక పెట్టెలో సర్ది, టేపు కూడా అంటించేశాడు. ఇరవై మూడు. ఇరవై నాలుగోది నురగతో తడిసి చిగుస చేతిలో ఉంది. దాని వంక ఒకసారి చూసి, వదిలేశాడు.

"నేనేం వినలేదు," అన్నాడు. "నాన్న ఏమీ అనలేదు. మీరందరూ మీ మనసులు శుభ్రం చేసుకోండి. ఈ ఇల్లు ఎలా నడుస్తుందో ఎవరైనా ఒకరు చూడాలి కదా. నేను చూస్తాను."

"బావగారూ, ఆగండి," హిసాతో అడ్డం వెళ్ళబోయాడు.

"నువ్వు పక్కకి తప్పుకో. నువ్వు చేసింది చాలు. మీ అక్క చేసింది చాలు."

భుజంతో వాణ్ణి తోసుకుని షుంజి గుమ్మం వైపు నడిచాడు. వయసొచ్చిన మగవాళ్ళిద్దరూ ఇరుకు నడవలో తోసుకుంటుంటే చిగుస వాళ్ళ వైపు వెళ్ళలేదు. పెట్టె లాక్కుంటే ఇంకోసారి పంపుతాడు. చటుక్కున లేచి, నురగ చేత్తోనే ఫోన్ తీసి, గోడకి అంటించిన కాగితం మీది నంబరు నొక్కింది. టోక్యో షాపులో ఈ బ్రష్షుల విభాగం చూసే కురోసే గారిది.

"ఎవరికే?" అంది ఉమేనో.

చిగుస జవాబు చెప్పలేదు. అవతల ఆడగొంతు పలికింది.

"కురోసే మాట్లాడుతున్నాను. ఎవరండీ?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఉన్నది ఒకటే జవాబు. నిషిగోరి వారి కోడలినండీ. నాలిక చివర దాకా వచ్చింది. మింగేసింది.

"కుమానో నించి. కుంచెలు కట్టేదాన్ని. చిగుస అంటారు. ఇవాళ మీకు బయల్దేరుతున్న బ్రష్షులు అద్దాల బీరువాలో పెట్టకండి. వాటి కొనలు కోసేశారు. అవి అమ్మడానికి పనికిరావు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"నాకర్థం కావడం లేదండీ. కుంచెలు కట్టేది తొకుజో గారు కదా? పిడి మీద ఆయన పేరే ఉంది. కార్డుల మీద కూడా అచ్చు వేయించాం. మీరు కట్టారంటే, మరి ఆ పేరు ఎవరిది?"

చిగుస మామగారి వైపు చూసింది.

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో నాలుగేళ్ళూ బయటపడతాయి. ఎదురుగా సబ్బు నురగ మొహంతో కూర్చుని ఉన్న మనిషికి పేరు తప్ప ఇంకేం మిగిలింది? ఆ పేరు తన నోటితో తీసేయాలి. తియ్యకపోతే, మొదట చెప్పిందంతా పిచ్చిదాని కేకల కింద పోతుంది. కోపంతో ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు అవసరమైనప్పుడు ఆ కోపం కాస్తా జారిపోయింది.

"హలో? వింటున్నారా?"

తొకుజో చెయ్యి చాచాడు. ఎక్కడుందో కనపడక ఆ చెయ్యి గాలిలో తడుముకుంది.

చిగుస ఫోన్ ఆ చేతిలో పెట్టింది.

"నేను తొకుజోని," అన్నాడాయన. బుగ్గల మీద నురగ ఆరి పగులుతోంది. "పేరు నాదేనమ్మా. పని మా కోడలిది. నాలుగేళ్ళుగా నాది కాదు. ఆ కొనలకి కత్తెర పెట్టింది మాత్రం నేనే. అది రాసుకో."

గుమ్మం దగ్గర షుంజి నిలబడి ఉన్నాడు. చేతుల్లో పెట్టె లేదు. ఒక చేతిలో వ్యాను వాడిచ్చిన రసీదు.

"పంపించేశాను," అన్నాడు. అప్పుడు తండ్రి చెవి దగ్గర ఫోన్ చూశాడు. "ఎవరితో నాన్నా? ఎవరితో మాట్లాడుతున్నావు?"

బయట వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది.

ఉమేనో ముల్లంగి కత్తి అవతల పడేసి, కొడుకుని ఒక్క తోపు తోసి, చెప్పులు కూడా వేసుకోకుండా, వ్యాను ఆపమని అరుస్తూ వీధిలోకి పరిగెత్తింది.